కొత్తల్లుడి మర్యాదలు అయిపోయాక: బ్రిక్‌యార్డ్ 400కి వెళ్లడం దండగేనా?

ప్రశ్న: మేము అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫిషర్స్‌లో ఉంటున్నాం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. మావాడికి పన్నెండేళ్లు. వీడియో గేములతో మొదలై ఇప్పుడు వాడికి నాస్కార్ పిచ్చి పట్టుకుంది. వచ్చే జులైలో ఇండియానాపొలిస్‌లో జరిగే బ్రిక్‌యార్డ్ 400కి తీసుకెళ్లమని రోజూ ఒకటే గొడవ. అప్పటికి మా నాన్నగారు కూడా ఇక్కడికి వస్తారు. సరే అనుకుని ఆఫీసులో మాటవరసకి చెబితే, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన పెదవి విరిచాడు. "1994లో మొదటి రేసు మా నాన్నతో కలిసి చూశాను. అప్పుడు కాలు పెట్టడానికి చోటు లేదు. ఇప్పుడు స్టాండ్స్ ఖాళీ. ముందు పోయేవాణ్ని వెనకవాడు దాటలేడు. నాలుగు గంటలు గుండ్రంగా తిరగడం చూడటానికి డబ్బులెందుకు? మేలో ఇండీ 500కి తీసుకెళ్లు" అన్నాడు. మా ఆవిడకి ఎండ గురించి టెన్షన్. ఆ రేసుకి నిజంగానే ఆకర్షణ పోయిందా? తీసుకెళ్లాలా, వద్దా?

జవాబు: మీ పెద్దాయన చెప్పినవన్నీ దాదాపు నిజాలే. సలహా మాత్రం నాకు నచ్చలేదు. తీసుకెళ్లండి. అయితే ఏం చూడటానికి వెళుతున్నారో తెలుసుకుని వెళ్లండి. అది తెలియకుండా వెళితే ఆయన మాటే నెగ్గుతుంది.

ఈ రేసుల గోల తెలియని పాఠకుల కోసం ముందు రెండు ముక్కలు చెబుతాను. బ్రిక్‌యార్డ్ 400 అంటే నాస్కార్ నడిపే 400 మైళ్ల స్టాక్ కార్ల పందెం. ఒకప్పుడు షోరూములో స్టాకు ఉన్న కారునే తెచ్చి పందెంలో దింపేవారు కాబట్టి స్టాక్ కార్ అన్న పేరు వచ్చింది. ఇప్పుడు పేరు ఒక్కటే మిగిలింది. ముందువైపు షెవర్లే, ఫోర్డ్, టొయోటా ముఖాలు తగిలించినా లోపలున్నదంతా పందెం కోసం కట్టిన యంత్రమే. డ్రైవరు, ఇంధనం కలిపితే బరువు పదిహేను వందల కిలోల పైమాటే. ఈ పందేలు నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పుట్టింది. ఇండీ 500 పూర్తిగా వేరే జాతి. చక్రాలు బయటికి కనిపించే సన్నటి కార్లు, బరువు వీటిలో దాదాపు సగం, వేగం గంటకి 230 మైళ్లు. ఆ రేసు 1911 నుంచి ఇండియానాపొలిస్ మోటార్ స్పీడ్‌వేలో జరుగుతోంది. అంతకు రెండేళ్ల ముందు, 1909లో, ఆ ట్రాక్ మీద 32 లక్షల ఇటుకలు పరిచారు. ఇప్పుడు పైన తారు ఉంది కానీ, గెలుపు గీత దగ్గర ఒక గజం వెడల్పున ఆ ఇటుకల్ని అలాగే ఉంచారు. బ్రిక్‌యార్డ్ అన్న పేరు అక్కణ్నుంచే వచ్చింది.

ఇక అసలు సంగతి. మన ఇళ్లల్లో కొత్తల్లుడు మొదటి సంక్రాంతికి వస్తే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. అరిసెలు, గారెలు, నాటుకోడి, కొత్త బట్టలు, చూడటానికి వీధి వీధంతా. అదే అల్లుడు పదిహేనో సంక్రాంతికి వస్తే "పెరుగు ఫ్రిజ్‌లో ఉంది బాబూ, తీసుకో" అంటుంది అత్తగారు. అల్లుడిలో ఏదో లోపం వచ్చి కాదు. ఆ మొదటిసారి సంబరం అతణ్ని చూసి చేసింది కాదు, ఇంటికి కొత్తగా అల్లుడొచ్చాడని చేసింది. 1994లో మీ పెద్దాయన చూసింది ఆ మొదటి సంక్రాంతి.

అది ఎంత పెద్ద సంబరమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎనభై ఏళ్లకు పైగా ఆ ట్రాక్ అంటే ఇండీ 500 ఒక్కటే. ఏడాదికి ఒకే రేసు. స్టాక్ కార్లంటే దక్షిణాది రాష్ట్రాల పల్లెటూరివాళ్ల ఆట అని ఇండియానాపొలిస్ పెద్దలకి చిన్నచూపు. నాస్కార్ స్థాపించిన బిల్ ఫ్రాన్స్‌ని 1954లో ఇదే స్పీడ్‌వేలోంచి బయటికి పంపించారని చెప్పుకుంటారు. ఆ కసితోనే ఆయన డేటోనాలో సొంతంగా అంతకంటే ఘనమైన ట్రాక్ కట్టాడని కూడా అంటారు. కసి సంగతేమో గానీ డేటోనా ట్రాక్ 1959లో తయారైన మాట వాస్తవం. గెంటించుకున్న మనిషి పెట్టిన సంస్థ నలభై ఏళ్ల తరవాత అదే గేటులోంచి మేళతాళాలతో లోపలికి వచ్చింది.

1994 ఆగస్టు 6. ఉన్నవి 43 స్థానాలు, పోటీకి పేర్లు ఇచ్చిన కార్లు దాదాపు రెట్టింపు. ఇండీ 500ని నాలుగుసార్లు గెలిచిన ఏ.జె. ఫాయిట్ 59 ఏళ్ల వయసులో రిటైర్మెంట్ పక్కన పెట్టి మరీ వచ్చి అర్హత సాధించాడు. జనం రెండున్నర లక్షల పైమాటే అని అప్పటి లెక్క. గెలిచింది ఎవరో చూడండి: జెఫ్ గోర్డన్, రెండు రోజుల కిందటే 23 నిండిన కుర్రాడు. పుట్టింది కాలిఫోర్నియాలో అయినా, కొడుకు రేసుల కోసం ఆ కుటుంబం ఇండియానాకి మకాం మార్చి, ట్రాక్‌కి దగ్గర్లోనే పిట్స్‌బరోలో స్థిరపడింది. చివర్లో అతనితో నువ్వా నేనా అని పోరాడుతున్న ఎర్నీ అర్వన్ కారుకి ఇంకో ఐదు ల్యాపులు (ట్రాక్ చుట్టూ ఒకసారి తిరిగితే ఒక ల్యాపు) ఉన్నాయనగా టైరు పోయింది. గోర్డన్ గెలిచాడు. ఊరివాళ్లకి తమ పిల్లాడే గెలిచినట్టు. కథ రాసుకున్నా అంత బాగా కుదరదు.

మీ పెద్దాయన ఆ రోజు వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాడు. ఇక దాని తరవాత ఏ రేసు ఆయనకి ఆనుతుంది చెప్పండి?

ఆ తరవాత పదేళ్లు బాగానే నడిచింది. 1995లో డేల్ ఎర్న్‌హార్ట్ గెలిచాడు. 1996లో డేల్ జారెట్ గెలిచి, తన జట్టుని నడిపించే క్రూ చీఫ్ టాడ్ ప్యారట్‌తో కలిసి ఆ గజం ఇటుకల దగ్గర మోకాళ్లమీద వంగి ముద్దు పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పి చేయించింది కాదు. అప్పటినుంచి గెలిచిన ప్రతివాడూ అదే చేస్తున్నాడు. తమాషా ఏమిటంటే, ఇండీ 500 విజేతలు కూడా తరవాత ఆ అలవాటు అందుకున్నారు. నిన్నగాక మొన్న అద్దెకి దిగినవాళ్లు తరతరాల ఇంటివాళ్లకి ఒక ఆచారం నేర్పారన్నమాట. ఈ రేసు ఆ ట్రాక్‌కి ఏమిచ్చింది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెబుతాను.

మరి ఎక్కడ బెడిసింది? 2008 జులైలో. నాస్కార్ కొత్త రకం కారు ఈ ట్రాక్ మీద ఆ ఏడాదే మొదటిసారి పరిగెత్తింది. దాని బరువంతా మలుపుల్లో కుడివైపు టైర్ల మీద ఎక్కువగా పడేది. ఇండియానాపొలిస్ ట్రాక్ పైపొర గరుకు. మామూలుగా అయితే కొన్ని ల్యాపులు తిరిగేసరికి టైర్ల రబ్బరు ఆ గరుకులో ఇరుక్కుని దారి నునుపవుతుంది. ఆ రోజు రబ్బరు అతుక్కోలేదు, పొడిపొడిగా రాలిపోయింది. పది ల్యాపులు తిరిగితే చాలు, టైరు అరిగి లోపలి దారాలు తేలేవి. పేలిపోతే గంటకి 180 మైళ్ల వేగంలో కారు గోడకి కొట్టుకుంటుంది. చేసేదేమీ లేక నిర్వాహకులు పది పన్నెండు ల్యాపులకోసారి పసుపు జెండా ఊపి అందరిచేతా టైర్లు మార్పించారు. 160 ల్యాపుల్లో 50కి పైగా మెల్లగా వరసలో నడిచినవే. జిమ్మీ జాన్సన్ గెలిచాడు. నాస్కార్ అభిమానులకి క్షమాపణ చెప్పుకుంది.

పెట్రోలు గ్యాలన్ 4 డాలర్లు దాటిన వేసవి అది. వందల మైళ్లు మోటార్ హోములు నడుపుకుంటూ వచ్చి, పది ల్యాపులకో బ్రేకు చూసి వెళ్లినవాళ్లు మళ్లీ ఏడాది టికెట్లు కొనలేదు. ఆ శీతాకాలానికి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. కొన్ని గంటల దూరంలో షికాగో దగ్గర 2001లోనే నాస్కార్ పెద్ద రేసు మొదలైంది, 2011లో కెంటకీలోనూ ఒకటి మొదలైంది. ఆ చుట్టుపక్కల రాష్ట్రాలవాళ్లకి వెళ్లడానికి ఇంకో రెండు నాస్కార్ తిరునాళ్లు దొరికాయి. జనం పలచబడ్డారు. తప్పంతా టైర్లదే అనే వాళ్లతో నేను ఏకీభవించను. జ్వరం ముందే ఉంది, టైర్లు దాన్ని బయటపెట్టాయంతే.

ఆ జ్వరమేమిటో చెప్పాలంటే మీ పెద్దాయన రెండో ఫిర్యాదుకి రావాలి: వెనకవాడు ముందువాణ్ని దాటలేడు. నిజమే. ఇది 1994లోనూ నిజమే! ఈ ట్రాక్ పొడుగు 2.5 మైళ్లు, ఆకారం మూలలు గుండ్రంగా అరగదీసిన పలకలా ఉంటుంది. నాలుగు మలుపులూ దాదాపు చదును. వాలు 9 డిగ్రీల పైచిలుకు, అంతే. డేటోనాలో 31 డిగ్రీలు. అక్కడ గోడలాంటి వాలు కారుని పట్టి ఉంచుతుంది కాబట్టి ముగ్గురు పక్కపక్కన మలుపు తిరగగలరు. ఇండియానాపొలిస్‌లో మలుపుకి ఒకటే మంచి దారి. ఆ దారిలో వెళ్లే ముందు కారు గాలిని చెల్లాచెదురు చేసేస్తుంది. వెనక కారు ముక్కుకి గాలి ఒత్తిడి అందక, స్టీరింగ్ తిప్పినా కారు తిరగనని మొరాయిస్తుంది. ఇప్పటి స్టాక్ కార్ల కోసం కాదు, 1909 నాటి ఆలోచనతో కట్టిన చోటు ఇది. ఒంగోలు గిత్తలు పరిగెత్తే బాటలో ఏనుగుల్ని వదిలితే ఏనుగుల్ని తప్పుపట్టి లాభమేముంది?

మొదటి పదేళ్లు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే వాళ్లొచ్చింది దాటడం చూడటానికి కాదు, ఆ గడ్డమీద ఆ కార్లు తిరగడం చూడటానికి. కొత్త పోయాక ఆట కనబడింది. ఆట అంతంతమాత్రం. పోయిందని మీ పెద్దాయన అనుకుంటున్న ఆకర్షణ అసలు ఆ రేసు సొత్తు కాదు, అది ఆ ఇంటి గొప్ప. ఆ ఇల్లు ఇంకా అక్కడే ఉంది. మీ అబ్బాయి దాని గడప ఇంకా తొక్కలేదు కదా.

ఖాళీ స్టాండ్స్ గురించి ఒక లెక్క చెబుతాను. స్పీడ్‌వేలో కుర్చీలే దాదాపు రెండున్నర లక్షలు. ఎంతమంది వచ్చారన్నది వాళ్లు అధికారికంగా ప్రకటించరు. అరవై వేలమంది వచ్చారనుకోండి. మన ఉప్పల్ స్టేడియం పూర్తిగా నిండినా నలభై వేల లోపే. అంటే ఉప్పల్‌ని ఒకటిన్నర సార్లు నింపే జనం ఇక్కడ కూర్చుంటే టీవీలో నాలుగో వంతు కూడా నిండినట్టు కనిపించదు. పెళ్లికి వెయ్యిమంది వచ్చినా, పదివేలు పట్టే మైదానంలో పందిరి వేస్తే "జనం రాలేదు" అంటారు. డేటోనా వాళ్లు ఈ కిటుకు గ్రహించి, 40 కోట్ల డాలర్లు పెట్టి 2016 నాటికి స్టాండ్స్ మళ్లీ కట్టినప్పుడు వెనకవైపు కుర్చీలు పీకేశారు. కుర్చీలు లక్షకి దిగాయి, ఇప్పుడు డేటోనా 500 నిండుగా కనిపిస్తుంది. అక్కడ ఆకర్షణ పెరిగిందా, కుర్చీలు తగ్గాయా? నన్నడిగితే రెండూ కొంచెం కొంచెం.

మధ్యలో ఒక పిల్లిమొగ్గ కూడా వేశారు. 2021 నుంచి 2023 దాకా ఓవల్ (ఆ నాలుగు మలుపుల చుట్టు ట్రాక్) వదిలేసి, లోపలున్న వంకరటింకర రోడ్డు ట్రాక్ మీద నడిపారు. పేరులోంచి 400 పోయింది. మూడేళ్లకే తెలిసొచ్చింది, ఇండియానాపొలిస్‌కి వచ్చి ఓవల్ మీద తిరగకపోతే తిరుపతి వెళ్లి కొండెక్కకుండా వచ్చినట్టేనని. 2024 జులైలో, మొదటి రేసు జరిగి ముప్పయ్యేళ్లు నిండిన ఏడాది, మళ్లీ ఓవల్‌కి తెచ్చారు.

ఆ 2024 రేసు ఎలా ముగిసిందో మీవాడికి తెలిసే ఉంటుంది. బ్రాడ్ కెసలౌస్కీ ముందున్నాడు. అదనపు ల్యాపులకి (ఆఖర్లో పసుపు జెండా పడితే రేసుని పొడిగించే ల్యాపులు) జెండా ఊపబోయే సమయానికి అతని ట్యాంకులో చుక్క లేదు. పక్కకి తప్పుకున్నాడు. కైల్ లార్సన్ ఆ ఖాళీలోకి దూరి గెలిచాడు. అదే లార్సన్ రెండు నెలల ముందు అదే ట్రాక్ మీద ఇండీ 500 కూడా నడిపాడు.

2025 ఇంకా బాగుంది. బబ్బా వాలస్ ముందు, లార్సన్ వెనక. ఆఖర్లో చిన్న వాన, ఆగిన రేసు, రెండుసార్లు అదనపు ల్యాపులు, వాలస్ ట్యాంకులో ఇంధనం సరిపోతుందో లేదో అన్న గుండెదడ. సెకనులో పావు వంతు కంటే తక్కువ తేడాతో గెలిచాడు. వంద రేసులుగా గెలుపు లేని మనిషి. ఆ ఓవల్ మీద పెద్ద రేసు గెలిచిన తొలి నల్లజాతి డ్రైవరు అతనే. ఈ మాట బరువు తెలియాలంటే ఇంకో సంగతి తెలియాలి. 1920లలో నల్లవాళ్లని ఇండీ 500లో అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. అందుకని వాళ్లు ఇదే ఊళ్లో, స్టేట్ ఫెయిర్ మైదానంలో గోల్డ్ అండ్ గ్లోరీ పేరుతో 1924 నుంచి తమ రేసు తాము నడుపుకున్నారు. చార్లీ విగ్గిన్స్ అనే మెకానిక్ వాళ్ల వీరుడు. ఇండీ 500లో నల్లజాతి డ్రైవరుకి చోటు దొరికింది 1991లో, విల్లీ టి. రిబ్స్‌కి. ఆ ఊరి ఇటుకల్ని 2025లో వాలస్ ముద్దు పెట్టుకున్నాడు. ఆ రేసుకి పస లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

మీ పెద్దాయన మూడో మాట, ఇండీ 500కి వెళ్లమన్నది. అది కూడా చూడవలసిందే, కాదనను. 2025లో అక్కడ స్టాండ్స్ టికెట్లు మొత్తం అమ్ముడుపోయాయి. కానీ మూడు లక్షల పైచిలుకు జనం, తెల్లవారుజామున బయల్దేరినా తప్పని ట్రాఫిక్, పెద్దవయసు నాన్నగారు, మొదటిసారి వెళ్లే పిల్లాడు. పైగా మీవాడికి ఇష్టం నాస్కార్. పిల్లాడు పులిహోర అడిగితే బిరియానీ ఇంకా బాగుంటుందని చెప్పడం పెద్దవాళ్లకి అలవాటే అనుకోండి.

సగం నిండిన స్టాండ్స్‌లో మీకు లాభం ఉంది. నేను 2014లో మా బంధువులతో కలిసి వెళ్లాను, గోర్డన్ ఐదోసారి గెలిచిన ఏడాది. మధ్యలో రెండుసార్లు లేచి వేరే చోట్ల కూర్చున్నాం, ఎవరూ ఏమీ అనలేదు. మీరు మాత్రం మీ టికెట్ మీదున్న కుర్చీనే నమ్ముకుని సరైన చోట కొనండి. కింది వరసలు చవగ్గా కనిపిస్తాయి, మోసపోకండి. చదునైన ట్రాక్ కాబట్టి కింద కూర్చుంటే ఎదురుగా రంగుల గీత ఒకటి రయ్యిమని పోవడం తప్ప ఏమీ తెలియదు. ఎంత పైకి వెళితే అంత మంచిది. మొదటి మలుపు దగ్గర పైవరసలు, లేదా పిట్‌కి (కార్లు ఆగి టైర్లు మార్చుకుని, ఇంధనం నింపుకునే చోటు) ఎదురుగా పైకప్పు నీడ పడే వరసలు చూడండి. మొత్తం ట్రాక్ ఎక్కణ్నుంచీ కనిపించదు, అందుకే పెద్ద తెర కనిపించే చోటు చూసుకోండి. నీడ ఉంటే మీ ఆవిడ టెన్షన్ సగం తగ్గుతుంది. జులై చివరి ఎండలో అల్యూమినియం బెంచీలు పెనంలా కాలుతాయి, మెత్తటి తువ్వాళ్లు పట్టుకెళ్లండి. గొడుగుల్ని నమ్ముకోకండి, టోపీలే గతి. చెవులకి అడ్డు తప్పనిసరి, మీ నాన్నగారికి ముందే చెప్పి ఒప్పించండి.

స్కానర్ ఒకటి అద్దెకి తీసుకోండి. ఇది మాత్రం నా మాట వినండి. చెవికి పెట్టుకుని మీకిష్టమైన డ్రైవరు, అతని క్రూ చీఫ్ మాట్లాడుకునేది వినే యంత్రం అది. ఈ ట్రాక్ మీద అసలు ఆట అక్కడుంది. దాటడం కష్టం కాబట్టి గెలుపు ఇంధనం దగ్గర, టైర్ల దగ్గర, పిట్‌కి ఎప్పుడు రావాలన్న లెక్క దగ్గర తేలుతుంది. "ఇంకో రెండు ల్యాపులు ఉండగలవా?" "ఉండగలను." "కాలు కాస్త పైకెత్తి నడుపు." ఇలాంటి మాటలు చెవిలో పడుతుంటే ఎదురుగా గుండ్రంగా తిరిగే కార్లు వేరేగా కనిపిస్తాయి. పన్నెండేళ్ల పిల్లాడికి కాగితం, పెన్ను ఇచ్చి ఎవరు ఏ ల్యాపులో పిట్‌కి వచ్చారో రాయమనండి.

మీ నాన్నగారి గురించి నాకు బెంగ లేదు. పల్నాడు మనిషి, ఎడ్ల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. అక్కడా ఒక జత ఇంకో జతని దాటదు. ఒక్కో జతా వచ్చి, ఇచ్చిన సమయంలో బండని ఎంత దూరం లాగిందన్నదే లెక్క. గిత్తలకి ఊపిరి ఎక్కడ మిగల్చాలి, ఎక్కడ అదిలించాలి అన్న దాంట్లోనే తోలేవాడి పనితనం. అది గంటలకొద్దీ చూడగలిగిన మనిషికి ఇంధనం మిగుల్చుకుంటూ నడిపేవాడి బాధ ఒక్క మాటలో అర్థమవుతుంది. ఓవర్‌టేక్ లేదని ఫిర్యాదు చేసేది మనమే, ఆయన కాదు.

ఢీకొట్టుకుంటూ, రాసుకుంటూ పోయే రేసు కూడా మీవాడు చూడాలంటే ఒక చిట్కా ఉంది. ఈమధ్య బ్రిక్‌యార్డ్ జరిగే వారంలోనే శుక్రవారం సాయంత్రం, ఊరికి పడమర బ్రౌన్స్‌బర్గ్ దగ్గరున్న ఇండియానాపొలిస్ రేస్‌వే పార్కులో నాస్కార్ ట్రక్కుల (లారీలు కావు, పికప్ బండ్లు) రేసు పెడుతున్నారు. ముప్పావు మైలు కూడా లేని చిన్న ఓవల్. ఎక్కడ కూర్చున్నా మొత్తం కనిపిస్తుంది. ఎండ తగ్గాక మొదలవుతుంది కాబట్టి మీ ఆవిడ కూడా వస్తారు. శుక్రవారం ఆట, ఆదివారం గుడి అనుకోండి. డబ్బు ఒక్కదానికే ఉంటే మాత్రం ఆదివారమే.

ట్రక్కులంటే గుర్తొచ్చింది, మీవాడికి చెప్పడానికి మన దేశం కథ ఒకటి ఉంది. 2005లో ఇదే స్పీడ్‌వేలో ఫార్ములా వన్ రేసులో టైర్ల గొడవ వచ్చి 14 కార్లు మొదట్లోనే తప్పుకుంటే, మిగిలిన ఆరింటితోనే రేసు నడిపారు. జనం మండిపడ్డారు. ఆ ఆరుగురిలో నాలుగో స్థానంలో వచ్చినవాడు కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్. ఫార్ములా వన్‌లో భారతీయుడు పాయింట్లు గెలవడం అదే మొదలు. అతనే 2010లో నాస్కార్ ట్రక్కులు కూడా నడిపాడు. అభిమానుల ఓట్లతో ఆ ఏడాది ట్రక్కుల సిరీస్‌లో అత్యంత ఆదరణ ఉన్న డ్రైవరుగా కూడా నిలిచాడు. ఆ ఓట్లలో మనవాళ్లవి ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు!

రేసుకి ముందో తరవాతో ఇంకోరోజు స్పీడ్‌వే మ్యూజియంకి వెళ్లండి. పెద్ద ఎత్తున బాగుచేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. అక్కణ్నుంచి బస్సులో ట్రాక్ చుట్టూ తిప్పి, ఆ గజం ఇటుకల దగ్గర దింపే టూర్ ఉంది. ముద్దు పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు. ట్రాక్ మీద వేరే పని ఉన్న రోజుల్లో ఆ టూర్ ఉండదు, ముందే కనుక్కోండి.

చివరిగా ఒక పని చేసి చూడండి. 1994లో ఏ స్టాండ్‌లో కూర్చున్నారని ఆ పెద్దాయన్ని అడగండి. ఆయనకి వరస నంబరుతో సహా గుర్తుంటుందని నా పందెం. చెబితే, ఆయనకి కూడా కలిపి నాలుగు టికెట్లు అక్కడే తీయండి. వస్తే దారంతా మీవాడికి జెఫ్ గోర్డన్ కథలు. రాకపోతే ఆ కుర్చీలో కూలర్ పెట్టుకోవచ్చు. అన్నట్టు, స్పీడ్‌వేలో తిండి మనమే పట్టుకెళ్లొచ్చు, అమెరికాలో పెద్ద స్టేడియాల్లో ఇది అరుదు. పులిహోర, దద్దోజనం, మంచినీళ్లు, మజ్జిగ ఏవైనా సరే, గాజు సీసాలు మాత్రం వద్దు. కూలర్ 18 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 14 ఎత్తు దాటకూడదు. గేటు దగ్గర కొలుస్తారు.